‘నెల్’ అంటే ఏ గంట? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. పల్లెటూరి గుడి సమాధుల మీద థామస్ గ్రే రాసిన ‘ఎలిజీ’ అనే కవిత వాళ్లకు పాఠంగా ఉంది. ‘ద కర్ఫ్యూ టోల్స్ ద క్నెల్ ఆఫ్ పార్టింగ్ డే’ అనే మొదటి పాదం దగ్గరే ఇద్దరం ఆగిపోయాం. మాకు తెలిసిన కర్ఫ్యూ పోలీసులు పెట్టేది. ‘క్నెల్’ అనే మాటకు నిఘంటువులో ‘చావుగంట’ అని ఉంది. సాయంకాలాన్ని వర్ణించే చోట చావు మాట ఎందుకు వచ్చిందో, ఆ గంట ఏమిటో దయచేసి వివరంగా తెలియజేయండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా పలుకుబడి సంగతి చూద్దాం. ఈ మాట మొదట్లో ఉన్న ‘క’ను ఇప్పుడు ఎవరూ పలకరు, ‘నెల్’ అనే అనాలి. పాత ఇంగ్లిషులో ఇది ‘క్నుల్’ అన్నట్టుగా ఉండేది, అప్పట్లో ఆ ‘క’ వినిపించేది. కాలక్రమంలో పలుకులోంచి ఆ అక్షరం జారిపోయింది కాని రాతలో మాత్రం మిగిలింది. కాబట్టి మీ అమ్మాయి తరగతిలో ఆ పాదాన్ని పైకి చదివేటప్పుడు ‘నెల్’ అనే చదవమనండి.

ఇక అర్థం. నెల్ అంటే గంట కాదు, గంట చేసే చప్పుడు. అదీ ప్రతి చప్పుడూ కాదు. ఇంగ్లండు పల్లెల్లో గుడిగోపురంలో ఉన్న గంటలే పెళ్లికీ మోగాయి, పండగకీ మోగాయి, ప్రార్థనకు పిలవడానికీ మోగాయి. ఒక మనిషి పోయినప్పుడు మాత్రం ఒకే ఒక్క గంటను, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య చాలా ఎడమిచ్చి, మందంగా కొట్టేవారు. ఆ కొట్టడాన్ని ‘టోల్’ అన్నారు, అలా కొట్టినప్పుడు ఊరికి వినిపించే నాదాన్ని ‘నెల్’ అన్నారు. పెళ్లికి అన్ని గంటలూ కలిసి గలగల మోగితే అది ‘పీల్’. మనకు మంగళవాద్యం వేరు, చావుడప్పు వేరు. దరువు చెవిన పడగానే ఏ ఇంట్లో ఏమి జరిగిందో సగం తెలిసిపోతుంది. ఇంగ్లండు పల్లెవాసికి పీల్‌కూ నెల్‌కూ ఉన్న తేడా సరిగ్గా అలాంటిదే.

ఈ ఆచారం ఎంత పద్ధతిగా సాగేదో చెప్పడానికి ఒక ఆధారం ఉంది. 1604 నాటి ఇంగ్లండు చర్చి నియమావళిలో 67వ నియమం ఈ గంటల గురించే. మనిషి ప్రాణం పోయే దశలో ఉన్నప్పుడు ఒక గంట కొట్టాలని, ఆ సమయంలో చర్చి గురువు తన చివరి విధిని మరవకూడదని అది చెబుతుంది. ప్రాణం పోయాక ఒకసారి, సమాధి చేయడానికి ముందు ఒకసారి, చేశాక మరొకసారి కొద్దిసేపు మోగించాలే తప్ప అంతకు మించకూడదని కూడా ఆ నియమమే కట్టడి చేసింది. మొదటిదానికి ‘పాసింగ్ బెల్’ అని పేరు. అది మోగే వేళకు మనిషి ఇంకా బతికే ఉంటాడు. ఇరుగుపొరుగువారు ఎక్కడివారక్కడ పని ఆపి, పోబోయే ఆత్మ కోసం ప్రార్థించాలని ఆ పిలుపు. రెండోది, అంటే ప్రాణం పోయిందని చాటేది, అసలైన నెల్. తరువాతి కాలంలో ఈ రెండు పేర్లూ కలగలిసిపోయాయి. కవులైతే ఒకదాని బదులు మరొకదాన్ని ధారాళంగా వాడుకున్నారు.

చాలా ఊళ్లలో ఈ గంటకు ఒక లెక్క కూడా ఉండేది. మగవాడు పోతే మూడేసి దెబ్బలు మూడుసార్లు, ఆడమనిషి పోతే రెండేసి దెబ్బలు మూడుసార్లు కొట్టి, ఆపైన పోయినవారి వయసు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు కొట్టేవారు. ఊరిని బట్టి లెక్క కొంత మారేది. ఒక్కసారి ఊహించండి: పొలంలో కోత కోస్తున్న మనిషి కొడవలి ఆపి నిలబడతాడు. తొమ్మిది దెబ్బలు విని, పోయింది మగమనిషి అనుకుంటాడు. తరువాత మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతాడు. డెబ్బయి దగ్గరో డెబ్బయి రెండు దగ్గరో గంట ఆగిపోతుంది. ఊరు చిన్నది, ఆ వయసు మనిషి ఎవరో అతనికి తెలుసు. ఎవరూ వచ్చి చెప్పకుండానే కబురు అందింది. నెల్ అనే మాటకు ఉన్న బరువంతా ఇక్కడే ఉందని నా నమ్మకం: అది శబ్దం కంటే ముందుగా ఒక కబురు.

ఈ ఆచారం పూర్తిగా గతించిపోలేదు. 2022 సెప్టెంబర్ 19న రెండవ ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకు ముందు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలోని పెద్ద గంటను నిమిషానికి ఒక దెబ్బ చొప్పున 96 సార్లు కొట్టారు. ఆమె వయసు 96 ఏళ్లు. ఇలాంటి సందర్భాల్లో గంట నాలుకకు తోలుముక్క కట్టే పద్ధతి కూడా ఉంది. నాలుకకు ఒక వైపే కడితే ఒక దెబ్బ ఖంగున మోగుతుంది, మరుసటి దెబ్బ ఎక్కడో దూరాన ప్రతిధ్వనిలా, గొంతు పూడుకుపోయినట్టుగా వస్తుంది. ఆ రెండో దెబ్బ విన్నవారికి నెల్ అంటే ఏమిటో ఇక ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు.

మన దగ్గర కూడా క్రైస్తవులు ఎక్కువగా ఉన్న కొన్ని పల్లెల్లో ఎవరైనా పోతే గుడిగంట ఇలాగే ఆగి ఆగి కొడతారు. నా చిన్నతనంలో గుంటూరు వైపు ఒక ఊళ్లో వేసవి సెలవుల్లో ఉండగా ఆ చప్పుడు విన్నాను. మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లు చేతులు ఆపి గుడి వైపు తిరిగారు. “ఎవరో పోయినట్టున్నారే” అని ఒకామె మెల్లగా అంది. తక్కినవాళ్లు జవాబు చెప్పలేదు. ఎవరికి వారు తమకు తెలిసిన జబ్బు మనుషులను మనసులో లెక్క వేసుకుంటున్నారని వాళ్ల ముఖాలు చూస్తే తెలిసింది.

“ఎవరో పోయినట్టున్నారే” అన్న ఆ మాటనే 17వ శతాబ్దపు లండన్‌లో జాన్ డన్ అనే కవి మరో వైపు నుంచి పట్టుకున్నాడు. ఆయన సెయింట్ పాల్ కెథెడ్రల్‌కు డీన్, అంటే ఆ పెద్ద గుడికి అధిపతి అయిన మతగురువు. 1623 చివర్లో ప్రాణం మీదికి వచ్చిన జబ్బుతో మంచాన పడి, పక్క గుడి నుంచి వచ్చే గంటను వింటూ తన అనుభవాన్ని ధ్యానాలుగా రాశాడు; 1624లో అవి అచ్చయ్యాయి. పదిహేడో ధ్యానంలో ఆయన చెప్పిన మాట లోకమంతా తిరిగింది: గంట ఎవరి కోసం మోగుతోందో కనుక్కోవడానికి మనిషిని పంపవద్దు, అది మోగుతున్నది నీ కోసమే. ఈ మాటను మనవాళ్లు తరచు ఉదహరిస్తారు గాని, అక్కడ మోగుతున్నది పాసింగ్ బెల్ అని గుర్తుపెట్టుకోరు. ధ్యానం మొదట్లోనే, ఆ గంట ఎవరి కోసం మోగుతోందో ఆ మనిషి తన కోసమే మోగుతోందని తెలియనంత జబ్బుగా ఉండవచ్చునని డన్ అంటాడు. మంచం మీద ఉన్న తనకూ ఆ సంగతి తెలియకపోవచ్చు కదా అన్న అనుమానం వెంటనే వస్తుంది. ఆచారం తెలిస్తే ఆ వాక్యం సూక్తిలా కాక, ఒక రోగి గుండెలో పుట్టిన భయంలా వినిపిస్తుంది.

ఇప్పుడు మీ పాదానికి వద్దాం. కర్ఫ్యూ అనేది పాత ఫ్రెంచి మాట. ‘నిప్పు మీద కప్పు’ అని దాని అర్థం. మధ్యయుగంలో రాత్రి కాగానే ఒక గంట కొట్టేవారు. ఇళ్లన్నీ కొయ్యవి, కప్పులు గడ్డివి కావడంతో, పొయ్యిలో నిప్పును బూడిద కప్పి ఆర్పుకొమ్మని ఆ గంట హెచ్చరిక. గ్రే కాలానికి ఆ అవసరం తీరిపోయినా, మాపటిపూట గంట కొట్టే అలవాటు అక్కడక్కడా మిగిలి ఉంది. మీరు అంటున్న పోలీసు కర్ఫ్యూ కూడా ఈ మాట నుంచే వచ్చింది: గంట కొట్టాక ఎవరి ఇళ్లలో వారు ఉండాలన్న భావం దానికి మూలం.

కవి ఇక్కడ చేసిన పని ఏమిటంటే, రోజూ మోగే ఈ మాపటి గంటను చావుగంటగా విన్నాడు. చనిపోతున్నది పగలు. ‘పార్టింగ్’ అనే మాటకు ‘విడిపోతున్న’ అని మీ గైడులో ఉండవచ్చు, కాని ఆ కాలపు ఇంగ్లిషులో దానికి ‘వెళ్లిపోతున్న, ప్రాణం విడుస్తున్న’ అనే అర్థమే ప్రధానం. దీనికి రుజువు ఆ కవితలోనే ఉంది. చివరి భాగంలో, పోతున్న ప్రాణం ప్రేమించే ఒక గుండె మీద ఆనుకుంటుందని చెప్పే పాదంలో ‘పార్టింగ్ సోల్’ అంటాడు. మొదట పగలుకు వాడిన విశేషణాన్నే ఇక్కడ ఆత్మకు వాడాడు. అంటే ఆ మొదటి పాదంలోనే పల్లెటూరి సమాధుల మధ్య ఒక పాసింగ్ బెల్ మోగింది. ఎవరి కోసమో తెలియడానికి మనకు కవిత అంతా పట్టింది. చనిపోతున్న పగటి కోసం ఏడుస్తున్నట్టుండే దూరపు గంట ఇటలీ కవి డాంటే ‘పుర్గటోరియో’లో ఉంది, తనకు అదే ప్రేరణ అని గ్రే స్వయంగా పేర్కొన్నాడు. 1751లో ఈ కవిత అచ్చయింది. కవిని 1771లో స్టోక్ పోజెస్ అనే పల్లెలో, ఈ కవితతో ముడిపెట్టి చెప్పుకొనే గుడి ఆవరణలోనే, తల్లి సమాధిలో ఉంచారు.

మీ అమ్మాయికి ఒక సంగతి చెప్పండి. ఇంగ్లిషు ‘పార్టింగ్’ చేసిన పనిని తెలుగులో ‘పోవు’ ఇంకా సులువుగా చేస్తుంది. మనకు పొద్దు పోతుంది, మనిషీ పోతాడు. ‘పోతున్న పొద్దుకు చావుగంట కొడుతోంది మునిమాపు గంట’ అంటే గ్రే ఉద్దేశించిన రెండు అర్థాలూ ఒక్క క్రియలో ఇమిడిపోతాయి. ‘గంట మోగి రోజు ముగిసింది’ అని గైడు చెప్పినది తప్పు కాదు. అయితే అందులో కవిత లేదు.

నెల్‌ను సాహిత్యంలో ఇంకెలా వాడారో తెలుసుకోవాలంటే షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’ రెండో అంకం చూడండి. రాజు డంకన్ అతిథిగా వచ్చి నిద్రపోతున్నాడు. పానీయం సిద్ధం కాగానే భార్యను గంట కొట్టమని మాక్‌బెత్ కబురు పంపాడు. అది ఇంట్లో వాడే మామూలు గంట, గుడికీ దానికీ సంబంధం లేదు. అది మోగగానే రాజును చంపడానికి బాకుతో బయలుదేరుతూ, “డంకన్, నువ్వు దీన్ని వినకు; నిన్ను స్వర్గానికో నరకానికో పిలిచే నెల్ ఇది” అంటాడు. నెల్ ఊరందరూ వినడానికి పుట్టిన చప్పుడు కదా. దాన్ని ఒక్క మనిషి వినకూడదని కోరుకుంటున్నాడు. పోతున్నవాడికి ప్రార్థన తోడు రావాలని కొట్టే గంట అది. ఇక్కడ నిద్రపోతున్న ఆరోగ్యవంతుడికి ప్రార్థన దక్కకుండా కొట్టారు. ఆచారాన్ని ఇలా తలకిందులు చేయడమే ఆ రెండు పాదాల్లోని భయానికి కారణం. ‘టెంపెస్ట్’లో ఏరియల్ పాడే పాటలో సముద్రకన్యలు మునిగిపోయిన రాజుకు గంటగంటకూ నెల్ మోగిస్తారు, కాని నాటకంలో ఆ రాజు బతికే ఉంటాడు. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో పెట్టెలు ఎంచుకునే ఘట్టంలో వినిపించే పాట కళ్లలో పుట్టి ఊయలలోనే చచ్చిపోయే మోహానికి నెల్ కొడుతుంది. మనిషి పోయినప్పుడు కొట్టే గంటను భావాలకు, అలవాట్లకు, వ్యవస్థలకు కొట్టడం ఇంగ్లిషులో కొత్త సంగతి కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ గంటకు అర్థమే మిగలలేదని ఒక యువకుడు బాధపడ్డాడు. 1917లో ఎడిన్‌బరో దగ్గర సైనిక ఆసుపత్రిలో ఉండగా విల్‌ఫ్రెడ్ ఓవెన్ రాసిన కవిత, పశువుల్లా చచ్చిపోతున్నవారికి ఏ పాసింగ్ బెల్స్ మోగుతాయన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఫిరంగుల రాక్షస కోపమే వాళ్లకు మోగేదని జవాబిస్తుంది. మనిషికి ఒక్కొక్క దెబ్బగా వయసు లెక్కపెట్టి కొట్టే గంట ఎక్కడ, లెక్కలేకుండా పేలే గుండ్లు ఎక్కడ? ఓవెన్ 1918 నవంబర్ 4న, యుద్ధం ముగియడానికి వారం ముందు, ఫ్రాన్స్‌లో చనిపోయాడు. ఆ కబురు మోసుకొచ్చిన తంతి నవంబర్ 11న ష్రూస్‌బరీలో ఉన్న తల్లికి అందింది. అప్పుడు ఊళ్లో గుడిగంటలన్నీ మోగుతున్నాయి, యుద్ధం ఆగిందన్న సంతోషంతో.

*

ప్రశ్న: వార్తల్లో కనిపించే ‘డెత్ టోల్’ కూడా ఈ చావుగంట నుంచే వచ్చిందా? చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కో గంట కొట్టి లెక్క చెప్పేవారని మా మాస్టారు చెప్పేవారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చావుకు గంట కొట్టి లెక్క చెప్పే ఆచారం నిజమైనదే అయినా, ఆ రెండు మాటలూ చుట్టాలు కావు. గంట కొట్టడమనే అర్థమిచ్చే ‘టోల్’ లాగడం అనే అర్థమున్న పాత క్రియ నుంచి వచ్చిందని పండితుల అంచనా; గంటను తాడు పట్టుకుని లాగి మోగిస్తారు కాబట్టి ఆ అంచనా సబబుగానే ఉంది. ‘డెత్ టోల్’లో ఉన్న టోల్ సుంకం. మన జాతీయ రహదారుల మీద టోల్‌గేటులో ఉన్నది ఇదే. ప్రమాదమో వరదో యుద్ధమో మనుషుల ప్రాణాలను సుంకంగా వసూలు చేసిందని దాని భావం. రాత ఒకటే కావడం వల్ల ఇంగ్లిషువారు కూడా ఈ రెంటినీ కలిపేసుకుంటారు. తెలుగు పత్రికల్లో ‘మృతుల సంఖ్య’ అని రాస్తున్నది సరైనదే. దాని జోలికి గంటను తేనక్కరలేదు.

*

ప్రశ్న: నేను అనువాదాలు చేస్తుంటాను. ‘సౌండ్ ద డెత్ నెల్’ అన్న నుడికారం పదే పదే ఎదురవుతుంది. కొందరు ‘మరణమృదంగం’ అంటారు, కొందరు ‘చరమగీతం’ అంటారు, కొందరు నేరుగా ‘చావుగంట’ అంటారు. ఏది వాడాలి?
– ఒక అనువాదకురాలు, హైదరాబాద్

జవాబు: మూడింటినీ ఒకే గాటన కట్టవద్దు. మరణమృదంగం అనగానే తెలుగు చెవికి ఒకరు కాదు, అనేకమంది చనిపోతున్న దృశ్యం వస్తుంది. వడగాడ్పులు మరణమృదంగం మోగించాయి అంటే జనం పిట్టల్లా రాలిపోతున్నారని అర్థం. నెల్‌లో ఆ సామూహికత లేదు. ఒక్క దాని అంతాన్ని అది చాటుతుంది. అందుచేత ఒక పరిశ్రమో ఒక ఆచారమో అంతరించే సందర్భంలో మరణమృదంగం నప్పదు.

‘చరమగీతం పాడడం’ చాలా చోట్ల సరిపోతుంది, ముఖ్యంగా ఎవరో కావాలని ఒకదాన్ని ముగించినప్పుడు. కొత్త చట్టం పాత పద్ధతికి చరమగీతం పాడింది అంటే వాక్యం నిండుగా ఉంటుంది. మనవైన మాటలు ఇంకా ఉన్నాయి: ‘మంగళం పాడడం’, ‘తిలోదకాలు ఇవ్వడం’, ‘నీళ్లు వదలడం’. వీటిలో చివరి రెండూ అపరకర్మల నుంచి వచ్చినవే కాబట్టి నెల్‌కు పుట్టుకలో దగ్గర బంధువులు. కాని తిలోదకాలు ఇచ్చేవాడు తనది అనుకున్నదాన్ని తానే వదులుకుంటాడు. విలువలకు తిలోదకాలు ఇచ్చాడంటాం. నెల్ కొట్టేది బయటివాడు, విని తెలుసుకునేది ఊరు. ఈ తేడాను మరిచి వాడితే వాక్యంలో దోషి మారిపోతాడు.

ఇంకొక తేడా కూడా ఉంది. ఇంగ్లిషులో నెల్ మోగిన వెంటనే ఆ వస్తువు పోయి ఉండనక్కరలేదు. పోవడం ఖాయమైందని, ఇక తిరుగులేదని గంట తెలియజేస్తుంది. పాసింగ్ బెల్ ప్రాణం ఉండగానే మోగేదని పైన చెప్పాను కదా. చరమగీతం పాడాక మాత్రం ఏమీ మిగలదు. అందుకని ‘ఇంకా బతికి ఉంది కాని రోజులు దగ్గరపడ్డాయి’ అని చెప్పవలసిన చోట నేను ‘చావుగంట మోగింది’ అనే రాస్తాను. అరువు మాటే అయినా ఇప్పటికి తెలుగులో ఇమిడిపోయింది, పైగా గంట అనే మాటలో వేళ అనే అర్థం కూడా మనకు ఉండడం దానికి కలిసివచ్చింది.

ఆ వేళ సంగతి చెప్పాలంటే, అనువాదకురాలైన మీకు పనికివచ్చే ఒక ఉదాహరణ ఉంది. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం చివర్లో, పెట్టుబడిదారీ సొంత ఆస్తి అంతమయ్యే ఘట్టం వస్తుంది. 1867 నాటి జర్మన్ మూలంలో ఆయన వాడింది గడియారం: ఆ ఆస్తికి గంట కొట్టింది, అంటే దాని వేళ వచ్చింది అని. 1887లో శామ్యూల్ మూర్, ఎడ్వర్డ్ ఏవ్‌లింగ్‌లు ఎంగెల్స్ పర్యవేక్షణలో ఇంగ్లిషు చేసినప్పుడు గడియారం పోయి నెల్ వచ్చింది. వేళ అయిందన్న మాట చావుగంటగా మారింది. ఇంగ్లిషు ప్రతి నుంచి తెలుగు చేసేవారు ఆ వాక్యం దగ్గర ‘చావుగంట మోగింది’ అని రాస్తే ఇంగ్లిషుకు న్యాయం చేసినట్టే; అయితే ఆ గంట మూలంలోనిది కాదు, ఇంగ్లండు పల్లెగుడి గోపురం నుంచి అనువాదకులు దించి తెచ్చినది. మూలానికి దగ్గరగా ఉండాలని మీరు అనుకుంటే, ‘పెట్టుబడిదారీ సొంత ఆస్తికి గంట కొట్టింది’ అని రాసి ఊరుకోండి. కొట్టింది గడియారమో గుడిగంటో తెలుగు వాక్యం చెప్పదు, రెండూ అందులో వినిపిస్తాయి.